గంటలో హైదరాబాద్

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు అని ఫోన్‌ని అడిగితే తడుముకోకుండా ఓ పేజీ తెరిచి చెప్పేస్తుంది. గాల్లో గీత గీసినట్టు మూడు వందల అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, గంటా ఓ పది నిమిషాలు. ఆ పేజీ రాసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ వాళ్లది కొవ్వూరు కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. వాళ్లకి గోదావరి దాటే పని లేదు. బయల్దేరే ముందు వాళ్లింటికి పాస్టరు గారు రారు. వీధి చివర నుంచి "హైదరాబాదే కదండీ వెళ్తున్నారు" అంటూ చేతిలో మూటతో ఎవరూ పరిగెత్తుకు రారు.

నేను రాజమండ్రికి గోదావరి అవతల, కొవ్వూరులో సోషల్ టీచర్ని. పటం మీద స్కేలు పెట్టి రెండు ఊళ్ల మధ్య దూరం కొలవడం ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పిస్తున్నాను. పైగా నాకు టైమంటే పిచ్చి. బెల్లు కొట్టకముందే క్లాసు గుమ్మంలో నిలబడతాను. పెళ్లికి శుభలేఖలో వేసిన టైముకే వెళ్లి, ఖాళీ కుర్చీల మధ్య ఒక్కదాన్నే కూర్చుని షామియానా వాళ్లతో కబుర్లు చెబుతాను. ఇలాంటి మనిషికి దేవుడు మా అమ్మనిచ్చాడు.

అమ్మకి టైముతో ఏ పేచీ లేదు. కాస్త ఆగమంటే అది ఆగుతుందని ఆమె నమ్మకం. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైంది. నాన్న పోయాక నాతోనే ఉంటోంది. మా లూథరన్ చర్చి క్వయర్‌లో ఇప్పటికీ పాడుతుంది, ఆదివారం ఆరాధనకి మొదటి పాట అయ్యాక వెళ్లి మరీ పాడుతుంది.

అమ్మకి ఒక్కతే అక్క. నాకు పెద్దమ్మ. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది, ఇప్పుడు సికింద్రాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా నర్సు గొంతు మాత్రం పోలేదు. ఆవిడ ఫోన్‌లో "తిన్నావా" అని అడిగితే నాకు మందు బిళ్ల మింగావా అన్నట్టు వినిపిస్తుంది. అక్కచెల్లెళ్లిద్దరూ రోజూ పొద్దున్నే ఫోన్‌లో పోట్లాడుకుంటారు. పులుసులో చింతపండు ఎంత వేయాలి, వాళ్లమ్మ బైబిలు అసలు ఎవరికి రావాలి, ఎవరి పెళ్లిలో ఏ పాట పాడారు, ఏదైనా సరే. పోట్లాట లేని రోజు ఉందంటే ఇద్దరిలో ఎవరికో జ్వరమని అర్థం.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కొడుకు అమ్మకి ఫోన్ చేశాడు, స్పీకర్‌లో నేనూ విన్నాను. నాకంటే పెద్దవాడు, నేను అన్నయ్య అంటాను. పెద్దమ్మకి రెండు రోజులుగా గుండెలో నొప్పిగా ఉంటే ఆసుపత్రిలో చేర్చారట. పరీక్షలు చేసి, ఇంక ఆగడానికి లేదు, బైపాస్ చేయాలి అన్నారట. ఆపరేషన్ మర్నాడు పదకొండింటికి. అతను చెబుతుండగానే పెద్దమ్మ ఫోన్ లాక్కుంది.

"ఒసేయ్, రేపు నన్ను కోస్తారంట. లోపలికెళ్లే ముందు నిన్నోసారి చూడాలే. వచ్చెయ్," అంది. అని పెట్టేసింది.

పెద్దమ్మ చెల్లెల్ని ఏ రోజూ ఏదీ అడగలేదు, అన్నీ హుకుం జారీ చేయడమే. ఆ రోజు మాత్రం అమ్మకి ఆ గొంతులో అడగడం వినబడింది.

"అక్క భయపడుతోందే. ఎన్ని వందల మందిని ఆపరేషన్‌కి పంపించిందో, తనకి తెలీదేంటి? నన్ను చూడకుండా ఏమన్నా అయిపోతే నేను తట్టుకోలేనే," అంది.

రైలు చూశాను. పెళ్లిళ్ల రోజులు, రాత్రి బళ్లన్నీ నిండిపోయాయి. వెయిటింగ్ లిస్టు మా చర్చి సభ్యుల జాబితా కంటే పొడుగ్గా ఉంది. బస్సంటే అమ్మకి నిడదవోలు దాటకుండానే వాంతులు. అప్పుడు విమానం గుర్తొచ్చింది. మాలో ఎవరం అంతవరకూ విమానం ఎక్కలేదు. ఫోన్‌లో వెతికితే పొద్దున్న తొమ్మిదింటి విమానంలో రెండు సీట్లున్నాయి. దూరం ఇంత, ప్రయాణం గంట అని నేను పైన చెప్పిన పేజీ కూడా అప్పుడే కనబడింది.

"అమ్మా, గంటలో హైదరాబాద్!" అని అరిచాను.

అమ్మ వెంటనే అక్కకి ఫోన్ కలిపింది. "అక్కా, విమానంలో వస్తున్నాం. తొమ్మిదింటికి ఎక్కితే పదింటికి నీ మంచం పక్కనుంటాను," అంది.

అవతల నుంచి పెద్దమ్మ "విమానమా? గంటేనా?" అంది.

"గంటే," అంది అమ్మ, తనే నడుపుతున్నంత ధీమాగా.

సోషల్ టీచర్ని కాబట్టి ఆ మాట నేను అక్కడే సరిదిద్దాల్సింది. కానీ ఆ సమయంలో టికెట్ మీద ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని ఫోన్‌తో కుస్తీ పడుతున్నాను.

ఇక్కడ మా వాళ్ల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మా చర్చి కుటుంబాల్లో ప్రార్థన లేకుండా ఎవరూ ఊరు దాటరు. పాస్టరు గారిని మేమంతా అయ్యగారంటాం, ఆయన భార్యని అమ్మగారంటాం. ప్రయాణం ఉందని కబురు పెడితే ఇద్దరూ ఇంటికొస్తారు. క్వయర్ ఆడవాళ్లు వస్తారు. ఓ పాట, కాస్త వాక్యం, తర్వాత వరసగా ఒక్కొక్కరి ప్రార్థన, చివర కాఫీ. రైలుకైతే ఈ పద్ధతి దివ్యంగా పనిచేస్తుంది. బండి ఎలాగూ ఆలస్యం, స్టేషన్ చూస్తే ఊళ్లోనే. హైదరాబాద్ వెళ్లే బండి రాజమండ్రి వైపు నుంచి గోదావరి బ్రిడ్జి ఎక్కిన చప్పుడు విని, అప్పుడు ఆమెన్ చెప్పి, పెట్టె పట్టుకుని నడిచి వెళ్లి ఎక్కినవాళ్లు మా వీధిలో ఉన్నారు. ప్రార్థన రబ్బరులా సాగుతుంది, బండి కూడా సాగుతుంది, రెండూ ఒకచోట కలుస్తాయి.

అమ్మ ఇదే లెక్క విమానానికీ వేసింది. నేను వద్దంటే వద్దన్నాను. "మొదటిసారి ఆకాశంలోకి ఎక్కుతూ ప్రార్థన లేకుండా ఎక్కుతానా? నీకేమన్నా మతి పోయిందా?" అంది. పోనీ తెల్లవారుజామునే పెట్టుకుందామని రాజీపడ్డాం.

అయ్యగారు పాపం చీకటితోనే వచ్చేశారు. మంకీ క్యాప్ తీసి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆయన ఇంతకుముందు చాలా రైళ్లకి ప్రార్థన చేశారు, లారీలకి చేశారు, ఒక కొత్త ట్రాక్టరుకి కూడా చేశారు. విమానానికి ఇదే మొదలు. దేన్నీ వదలకూడదని నిర్ణయించుకున్నట్టున్నారు.

"ప్రభువా, నీ దాసురాండ్రు ఇద్దరును ఈ దినమున ఆకాశ మార్గమున బయలుదేరుచున్నారు. ఆ విమానము యొక్క చక్రములను కాపాడుము. దాని రెక్కలను కాపాడుము. దాని ఇంజనును కాపాడుము. పక్షులు అడ్డు రాకుండునట్లు దూరముగా ఉంచుము. దానిని నడుపు డ్రైవరు గారు తొందరపడక నిదానముగా నడుపునట్లు ఆయనకు మంచి మనసు దయచేయుము."

నిదానంగా నడిపిన విమానం ఏమవుతుందో మా సైన్స్ టీచర్ని అడగాలనుకున్నాను. నేను ఒక కన్ను తెరిచి గోడ గడియారం చూశాను. ఎదురుగా అమ్మగారు కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నారు. ఇద్దరం గభాలున మూసేసుకున్నాం.

అయ్యగారు విమానం దింపి, డాక్టర్ల దగ్గరికి వెళ్లారు. అక్కడి నుంచి నర్సుల దగ్గరికి, మత్తు ఇచ్చేవాళ్ల దగ్గరికి, రక్తం ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఆసుపత్రి కరెంటు పోకుండా కూడా అడిగి, ఆమెన్ అన్నారు. తర్వాత అమ్మగారు. తర్వాత క్వయర్‌లో పై స్థాయి గొంతు, అంటే సొప్రానో, పాడే ఆవిడ, ఆవిడ పక్కన ఇంకో ఆవిడ. ఒక్కొక్కరూ మళ్లీ చక్రాల నుంచే మొదలుపెట్టారు. బయట మేం మాట్లాడుకున్న కారు హారన్ మోగింది. నా కోపం నషాళానికి అంటింది. ఆ విమానం మా ప్రార్థనల వల్ల క్షేమంగా వెళ్తుంది సరే, మేం లేకుండా వెళ్తుందేమో అని నా బాధ.

చివర్లో అమ్మ వంతు వచ్చింది. మామూలుగా ఆవిడ మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది. ఆ రోజు "ప్రభువా, మా అక్కని..." అంది. అక్కడ ఆగిపోయింది. అందరం తల వంచుకుని ఎదురు చూశాం. సొప్రానో ఆవిడే తెలివిగా పాట ఎత్తుకుని అమ్మని కాపాడింది. అన్ని చరణాలూ పాడారు. నేను కూడా పాడాను, గడియారం వైపు చూడకుండా.

"ప్రయాణం వాళ్లని ఆపకూడదమ్మా," అంటూ అయ్యగారు కుర్చీలో సర్దుకుని కూర్చుని ఇడ్లీ ప్లేటు అందుకున్నారు. ఆయనకి పెట్టకుండా గుమ్మం దాటితే అమ్మ ఆ పాపం నా లెక్కలో రాస్తుంది. వడ్డించాను. చట్నీ అడిగితే చట్నీ వేశాను.

కారులో కూర్చుని తలుపు వేయబోతుంటే మాకు చేపలు తెచ్చి అమ్మే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. వాళ్లాయన గోదావరిలో వల వేస్తాడు, ఈవిడ గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. చేతిలో ఓ పెద్ద మూట.

"పెద్దమ్మగారికి ఒంట్లో బాలేదంట కదండీ. ఎండు రొయ్యలండి. ఆరికి శానా ఇష్టమండి. ఇయ్యి తింటే లేచి కూకుంటారండి," అంది.

గుండె ఆపరేషన్ మనిషికి ఎండు రొయ్యలు! నేను నోరు తెరిచేలోపే అమ్మ ఆ మూట ఒళ్లో పెట్టేసుకుంది. కారంతా వాసన గుప్పుమంది.

"పాత బ్రిడ్జి ఒద్దండి, కొత్త బ్రిడ్జి మీంచి ఎల్లిపోదామండి. అయిర్‌పోర్టుకి అదే దగ్గరండి," అన్నాడు డ్రైవరు.

"టైముకి వెళ్తామా?" అన్నాను.

"ఆయ్! ఎల్లిపోతామండి," అన్నాడు. మా వైపు ఆయ్ అనే మాటకి అవునని అర్థం, చూద్దామని అర్థం, దేవుడి దయ అని కూడా అర్థం.

గోదావరి మీద మంచు. నీళ్లు కనబడలేదు, అవతలి గట్టు కనబడలేదు, కారు ముందున్న లారీ వెనక భాగం మాత్రం కనబడింది. కడియం నర్సరీ లారీ. కొబ్బరి మొక్కలు, మామిడి మొక్కలు, పేరు తెలియని పూల మొక్కలు, అన్నీ తలలు బయటికి పెట్టి మమ్మల్ని చూస్తున్నాయి. ఎక్కడి నుంచో కడియం వెళ్తున్న తోట అది. దాన్ని దాటడానికి వీల్లేక బ్రిడ్జి పొడవునా దాని వెనకే ఊరేగింపుగా వెళ్లాం. ఆ మొక్కలు అందంగానే ఉన్నాయి. నాకు మాత్రం ఒక్కొక్కదాన్నీ పీకి గోదాట్లో పారేయాలనిపించింది.

మధురపూడి విమానాశ్రయం రాజమండ్రి దాటాక పొలాల మధ్య ఉంటుంది. కౌంటరు అమ్మాయి మా వైపు చూసి, "లాస్ట్‌లో వచ్చారండీ. ఇంకో రెండు నిమిషాలైతే క్లోజ్ చేసేసేదాన్ని," అంది. అమ్మ ఆ అమ్మాయిని దీవించి, "బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వు ఆపుకుని గేటు చూపించింది. సెక్యూరిటీ దగ్గర ఎండు రొయ్యల మూట ఆపారు. ఉత్తరాది జవాను ఒకాయన దాన్ని విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే ముడి వేసి, రెండు చేతులతో మాకు ఇచ్చేశాడు. ఇంకెప్పుడూ ఏ మూటా విప్పడేమో పాపం.

అంత పరుగెత్తి వెళ్లి కూర్చుంటే, మంచు వల్ల విమానం ఆలస్యమని చెప్పారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంకో ఇద్దరి చేత ప్రార్థన చేయించినా సరిపోయేది. అమ్మ అక్కకి ఫోన్ చేసి ఆలస్యం సంగతి చెప్పమంది. చేశాను. అప్పుడు పెద్దమ్మని ఏదో పరీక్షకి తీసుకెళ్లారని, అన్నయ్య మందులు కొనడానికి కిందికి వెళ్లాడని తర్వాత తెలిసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేద్దామనుకునేలోపు ఎక్కండి ఎక్కండి అన్నారు.

రెక్కల మీద ఫ్యాన్లున్న చిన్న విమానం. "ఇంతేనా? మన కాలేజీ బస్సంత లేదు," అంది అమ్మ. కూర్చున్నాక బెల్టు కట్టించాను. ఫోన్లు ఆపమన్నారు, ఆపేశాం. అది గర్జించి పరుగందుకోగానే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి గానీ విడిపించుకోబుద్ధి కాలేదు. నాకూ భయంగానే ఉంది.

పైకి వెళ్లాక మంచు కిందే ఉండిపోయింది. కాసేపటికి అది విడిచినచోట గోదావరి కనబడింది. ఇసుక దిబ్బలు, లంకలు, వరసగా బ్రిడ్జిలు. నా స్కేలు పెట్టి కొలవచ్చు అన్నంత చిన్నగా మా ఊరు. "మన చర్చి ఏదే?" అని అమ్మ అద్దానికి ముక్కు ఆనించింది. నేనేదో తెల్లగా ఉన్నదాన్ని చూపించాను. అది రైస్ మిల్లు కూడా కావచ్చు.

తర్వాత అమ్మ అక్క గురించి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ పోయేనాటికి అమ్మ బడికి వెళ్లే పిల్ల. అక్క నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉంది. హాస్టల్ వార్డెన్ కాళ్లావేళ్లా పడి చెల్లెల్ని తన గదిలో దాచి ఉంచుకుందట. తన కంచంలోదే చెరిసగం పెట్టేదట. పొద్దున్నే డ్యూటీకి పోయే తొందరలో జడ వేస్తే, ఎంత గట్టిగా లాగేదంటే రోజంతా కనుబొమలు పైకే ఉండేవట. "అందరూ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపోయే పిల్ల అనుకునేవారు," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మా కన్నీళ్లకు కాదు, రొయ్యల వాసనకి.

గంట అవుతూండగానే విమానం హైదరాబాద్ మీదికి వచ్చేసింది. ఆ విషయంలో ఆ పేజీని తప్పుపట్టను. వచ్చి, దిగకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఏంటే, వచ్చిన దారినే మళ్లీ పోతున్నాడు? అడ్రసు దొరకలేదా?" అంది అమ్మ.

కింద ఖాళీ లేదట. వరసలో ఉన్నామట. పెళ్లిలో రెండో పంక్తి కోసం నిలబడ్డట్టు ఆకాశంలో తిరుగుతూ ఉన్నాం. అమ్మ గడియారం చూసింది. ఆవిడ గడియారం చూడడం నేను చూసింది ఆ రోజే. పది ఎప్పుడో దాటిపోయింది.

దిగగానే ఫోన్ తెరిచాను. అన్నయ్య నుంచి లెక్కలేనన్ని మిస్డ్ కాల్స్. నేను చేయగానే ఎత్తాడు.

"ఎక్కడున్నారు? అసలేమైపోయారు? ఇక్కడ స్ట్రెచర్ వచ్చి నిలబడింది. అమ్మ ఎక్కనంటోంది. డాక్టరు కేకలేస్తున్నాడు. పిన్ని సంగతి తేలేదాకా కదలనని మంచం పట్టుకుని కూర్చుంది!"

"ఇప్పుడే దిగాం అన్నయ్యా. బయటికొచ్చేస్తున్నాం. కాసేపు ఆపమను," అన్నాను.

"దిగారా? ఉండు, అమ్మకి చెప్తా," అని పెట్టేశాడు.

"అక్క నాకోసం ఆపింది చూశావా," అంది అమ్మ. ఆ మాట అంటుంటే ఆవిడ ముఖం వెలిగింది. మర్నాటి దాకా మళ్లీ అలా వెలగలేదు.

అక్కడి నుంచి అసలు ప్రయాణం మొదలైంది. శంషాబాద్ ఒక మూల, సికింద్రాబాద్ ఇంకో మూల. పెట్టె కోసం నిలబడ్డాం, క్యాబ్ కోసం నిలబడ్డాం, క్యాబ్ ఎక్కాక ట్రాఫిక్‌లో నిలబడ్డాం. గోదావరి నుంచి ఇక్కడిదాకా వచ్చిన టైము కంటే ఎక్కువసేపు ఆ ఒక్క ఊళ్లోనే పట్టింది. ఫ్లైఓవర్ మీద బళ్లన్నీ ఆగిపోతే, "జర ఓపిక పట్టుండ్రి అమ్మా, ఏం చేస్తం," అన్నాడు డ్రైవరు. ఓపిక అనే మాట అమ్మకి చెప్పిన మొదటి మనిషి అతనే. అమ్మ ఎప్పుడూ ఎవరినీ తొందరపెట్టలేదు. ఆ రోజు ముందు సీటు పట్టుకుని, "బాబూ, పోనీ నాయనా, మా అక్క ఎదురుచూస్తోంది," అని అడుగుతూనే ఉంది. నా వైపు తిరిగి ఒక్కసారి మాత్రం, "గంట అన్నావు కదే," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆసుపత్రి లిఫ్టు దిగేసరికి కారిడార్‌లో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. వెనక గదిలో మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది.

"తీసుకెళ్లిపోయారు పిన్నీ. మీరు దిగారని చెప్పానో లేదో, తనే లేచి స్ట్రెచర్ ఎక్కేసింది. ఇంక పదండి పదండి అని వాళ్లనే తొందర పెట్టింది."

"నన్ను చూడాలంది కదరా," అంది అమ్మ.

అన్నయ్య నా చేతిలో పెట్టె అందుకుని గోడ వారగా పెట్టాడు. అమ్మ రొయ్యల మూట గుండెలకి హత్తుకుని అలాగే నిలబడింది. అంతసేపు డాక్టర్లని నిలబెట్టి, ఇంకాస్త నిలబెట్టలేకపోయిందా అని నాకు పెద్దమ్మ మీద పిచ్చికోపం వచ్చింది. ఆ వెంటనే, ఆవిడ ఆ తలుపుల వెనక నుంచి రాకపోతే ఈ కోపం నేనేం చేసుకోవాలి అని భయం వేసింది.

స్టీలు కుర్చీల్లో కూర్చున్నాం. అన్నయ్య కాఫీ తెచ్చాడు, ఎవరం తాగలేదు. అమ్మ కళ్లు మూసుకుంటుంది, పెదవులు కదుపుతుంది, మళ్లీ తెరిచి తలుపు వైపు చూస్తుంది. "వినిపించిందో లేదో, నేను దారిలో ఉన్నానని సరిగ్గా చెప్పావా?" అని అన్నయ్యని ఎన్నిసార్లు అడిగిందో. చెప్పాను పిన్నీ అని అతను అన్నిసార్లూ చెప్పాడు. "మరెందుకు వెళ్లిపోయిందిరా" అనేది. మధ్యాహ్నం అలాగే గడిచింది.

పొద్దువాలాక డాక్టరు మాస్కు కిందికి లాక్కుంటూ బయటికొచ్చాడు. బాగా జరిగిందండీ అన్నాడు. ఆ ఒక్క మాట కోసం అయ్యగారి చేత ఇంకో పది ప్రార్థనలు చేయించమన్నా చేయిస్తాను, చట్నీతో సహా. అన్నయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ రెండు చేతులూ జోడించి డాక్టరుకి దణ్ణం పెట్టింది. పెట్టి, మళ్లీ కూర్చుండిపోయింది. సంతోషం వచ్చింది గానీ లోపల ముల్లు పోలేదని తెలుస్తూనే ఉంది.

మర్నాడు ఐసీయూలోకి ఒక్కరినే పంపిస్తామన్నారు. అమ్మకి తోడు కావాలని బతిమాలి నేనూ దూరాను. పెద్దమ్మ ఆకుపచ్చ గౌనులో, ఒంటినిండా గొట్టాలతో చిన్నగా కనబడింది. జుట్టు ఎవరో గట్టిగా వెనక్కి దువ్వి కట్టారు. మమ్మల్ని చూసి కళ్లతో నవ్వింది.

అమ్మ ఆ నవ్వుకి కరగలేదు. రాత్రంతా మింగిన మాట బయటికొచ్చేసింది.

"చూడాలని రమ్మన్నావు. పడుతూ లేస్తూ వచ్చాను. ఆ కాస్త ఆగలేకపోయావా అక్కా? నాతో ఒక్క మాట చెప్పకుండా ఎలా వెళ్లిపోయావు? నీకేమన్నా అయితే?"

పెద్దమ్మ గొంతు బొంగురుపోయింది. అయినా అందులో నర్సు అలాగే ఉంది.

"గంట అన్నావు. గంట దాటింది, గంటన్నర దాటింది. ఫోన్ చేస్తే మోగదు. నువ్వు గాల్లో ఉన్నావు. నాకు మత్తిచ్చి పడుకోబెట్టేస్తే నీకోసం ప్రార్థన చేసేదెవరే?" అంది. ఊపిరి తీసుకుని, "దిగావన్నారు. ఇంక నాకేం పనుంది? ఎళ్లి పడుకున్నాను," అంది.

అమ్మ మంచం పక్కన వంగి, సూది లేని చోట చూసుకుని అక్క చెయ్యి పట్టుకుని, అందరి ముందూ భోరుమంది. నర్సు గబగబా వచ్చి, "పేషెంట్ దగ్గర ఏడవకూడదమ్మా, బయటికి రండి," అంది.

"ఉండనీవమ్మా," అంది పెద్దమ్మ. "ఏడవనీ. చిన్నపిల్ల."